పై అర

మా అత్తగారు నీళ్ల వాసన చూడడం మానేసిన రోజునే మా ల్యాబ్‌లో పూతరేకులు పంచుకున్నాం. ఆ రెండింటికీ సంబంధం ఉందని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే నా వాటా పూతరేకు గొంతు దిగేది కాదు.

ముందు మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ పేరు సీతారత్నం. రేవుపట్నంలో మా పాత సంత వీధికి రోజు విడిచి రోజు, ఉదయం ఆరింటికి మునిసిపాలిటీ నీళ్లొస్తాయి. వీధి మొదట్లో ఉన్న కుళాయి విప్పగానే మొదటి చెంబు ఆవిడది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, తల ఊపుతుంది. ఆ తల ఊగేవరకు నలభై ఇళ్ల బిందెలూ ఖాళీగా ఉండాల్సిందే. ఊగలేదంటే ఇంట్లోకి వెళ్లి మునిసిపల్ ఆఫీసుకు ఫోను చేస్తుంది. ఆవిడ ఫోను పెట్టేసేలోపే ఫిట్టరు సైకిలెక్కి బయల్దేరతాడని వీధిలో చెప్పుకునేవారు. ఆఫీసులో ఆవిడకు పెట్టిన పేరు ముక్కు రత్నమ్మ. ఆ పేరు సంగతి ఆవిడకు తెలుసు, కొంచెం గర్వం కూడాను. ముప్పై ఏళ్లుగా నీళ్ల వల్ల మంచం పట్టిన ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు.

ఇక నా సంగతి. నా పేరు హైమావతి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. జోగారావుగారనే ప్రొఫెసరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, సైకిల్ షాపు మీద రెండు గదులు తీసుకుని ల్యాబ్ పెట్టుకున్నారు. అందులో నేను ఒక్కదాన్నే టెక్నీషియన్ని. ఆయన కనిపెట్టినదానికి పెద్ద పేరేదో ఉంది గానీ మేం స్వరం అనేవాళ్లం. చెవికి తెలిసీ తెలియనంత సన్నగా రెండు సెకన్లు మోగుతుంది. దాని వెనకాలే వినిపించిన మాట పది రోజులపాటు మనసులో అన్నిటికన్నా పైన ఉంటుంది. ఆ మాటను నమ్మించదు, దాని మీద ఇష్టం పుట్టించదు. దాని గురించి ఆలోచించకుండా మాత్రం ఉండనివ్వదు.

మతిమరుపు వచ్చిన ముసలివాళ్ల కోసం తయారుచేశాం దాన్ని. మా మొదటి పేషెంటు తాతబ్బాయిగారు. రిటైరైన పోస్ట్‌మాన్, మా వీధి చివర ఒక్కడే ఉండేవాడు. బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ ఆయనకే గుర్తుండేది కాదు. పైగా కిడ్నీలో రాళ్లు, నీళ్లు బాగా తాగమన్నారు డాక్టర్లు. ఆయన మంచం పక్కన చిన్న డబ్బా ఒకటి పెట్టాం. రోజూ ఉదయం ఏడింటికి స్వరం మోగేది, వెనకాలే నా గొంతు వినిపించేది: "తాతబ్బాయిగారూ, మాత్ర వేసుకుని పెద్ద గ్లాసుడు నీళ్లు తాగండి."

నెల తిరిగేసరికి ఒక్క మాత్ర తప్పలేదు. కానీ ఆ నెలలోనే రెండుసార్లు స్టవ్ ఆర్పడం మర్చిపోయాడు.

"మాత్ర బెమ్మాండంగా గుర్తుంటందమ్మా. మిగతాయే ఎక్కడికో జారిపోతన్నాయి," అన్నాడు నవ్వుతూ.

ఆ వేళ నోట్‌బుక్‌లో నేనే రాశాను: మనసులో పై అర ఒక్కటే. కొత్తది పెడితే అక్కడున్నది కిందికి దిగుతుంది. ప్రొఫెసర్‌గారు చదివి, బాగా రాశావని దాని కింద గీత గీశారు. తాతబ్బాయిగారి ఇంట్లోంచి స్టవ్ తీసేసి, రెండు పూటలా క్యారేజీ వచ్చే ఏర్పాటు చేశాం. దాంతో సమస్య తీరిపోయిందనుకున్నాం.

మునిసిపల్ ఎన్నికలు మూడు వారాలున్నాయనగా నరసరాజుగారు మా మెట్లెక్కి వచ్చారు. గంట గుర్తు వాళ్ల ప్రచారమంతా ఆయన చేతుల మీదే నడుస్తుంది. అప్పటికి అధికారంలో ఉన్నది వాళ్లే.

"ఊళ్లో ఏ మూల నలుగురు కూచున్నా నీళ్ల గొడవేనండి," అన్నారు కుర్చీ లాక్కుంటూ. "పైపులు మురుక్కాలవ పక్కనే పోతన్నాయి, మార్చలేదు, నిజమే. మార్చాలంటే రెండేళ్లు పడద్ది. ఆ సంగతి మూడు వారాల్లో జనానికేం చెప్తాం? అదే ఇంటి పన్ను తగ్గిత్తామనుకోండి, ఒక్క ముక్కలో అయిపోద్ది. కానీ పన్ను గురించి ఎవడూ అడగట్లేదు. అడిగేలా చెయ్యాలి."

"మేం అబద్ధాలు చెప్పించమండీ," అన్నారు ప్రొఫెసర్‌గారు.

"అబద్ధమెందుకండీ? ఇంటి పన్ను పావు వంతు తగ్గిత్తాం, నిజంగానే తగ్గిత్తాం. దాని గురించి మాట్టాడుకోమనడమే గదా. మాకు ఓటెయ్యమని కూడా అనక్కర్లేదు."

ప్రొఫెసర్‌గారు నా వైపు చూశారు. డబ్బుల్లేక ల్యాబ్ అప్పటికే మూతపడేలా ఉంది. మా ఆయన సూరిబాబుకి మైకు సెట్టుతో ప్రచార ఆటో ఉంది, ఆ ఆటోని కూడా మాట్లాడుకుంటామన్నారు. నేను అడ్డు చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు, అది ఇప్పుడు ఒప్పుకోవడమే మర్యాద.

ప్రొఫెసర్‌గారు ఒక్క షరతు పెట్టారు. మునిసిపల్ ఆఫీసుకు వచ్చే ఫిర్యాదుల లెక్క మూడు రోజులకోసారి మాకు పంపాలి. "స్వరం వల్ల జనానికి ఏ ఇబ్బంది కలిగినా ముందు ఫిర్యాదులు పెరుగుతాయి. పెరిగితే ఆ క్షణమే ఆపేద్దాం," అన్నారు. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాను. చదువుకున్న ఇద్దరం ఎదురెదురుగా కూచుని ఆ షరతుని నాలుగుసార్లు చదువుకున్నాం. అందులో ఉన్న తప్పు ఇద్దరికీ కనిపించలేదు.

ఆటోలు బయల్దేరాయి. ముందు స్వరం, వెనకాలే ఒకే మాట: "ఇంటి పన్ను పావు వంతు తగ్గింపు, ఆలోచించండి." ప్రచారం తిరిగే వేళల్లో మేమిద్దరం చెవుల్లో మైనం పెట్టుకునేవాళ్లం. ఊరి మీదికి వదిలినవాళ్లకు తమ తలల మీద ఆ మాత్రం శ్రద్ధ ఉంటుంది మరి.

టీ కొట్ల దగ్గర, రేషన్ షాపుల దగ్గర పదిమందిని కూర్చోబెట్టి, జనం దేని గురించి మాట్లాడుతున్నారో గీతలు పెట్టించాం. మొదటి రోజు నూరు మాటల్లో ముప్పై ఎనిమిది నీళ్ల గురించి, ఆరు పన్ను గురించి. పదో రోజుకి పన్ను డెబ్బై ఒకటి, నీళ్లు రెండు. ఫిర్యాదులు చూస్తే అరవై నుంచి నలభై ఒకటికి, అక్కణ్నుంచి తొమ్మిదికి, ఆ తర్వాత సున్నాకి దిగాయి. "దుష్ప్రభావాలు లేవు" అని రాసి నేను సంతకం పెట్టాను. పూతరేకులు పంచుకున్నది ఆ రోజే.

అసలు చిత్రం నిచ్చెన గుర్తు వాళ్లది. ప్రతిపక్షం వాళ్లు నీళ్ల మీద మూడు నెలలుగా కాగితాలు పోగేసుకున్నారు. కరపత్రాలు కూడా అచ్చువేయించారు. కానీ మా ఆటో నిచ్చెనవాళ్ల ఆఫీసు ముందు నుంచి కూడా వెళ్లింది. కరపత్రాల కట్టలు విప్పకుండానే వాళ్ల అభ్యర్థి మైకు పట్టుకుని, మేమైతే పన్ను సగం తగ్గిస్తామన్నాడు. దానికి గంటవాళ్లు సగంతో పాటు చెత్త పన్ను రద్దన్నారు. నిచ్చెనవాళ్లు కుళాయి పన్ను కూడా రద్దన్నారు. ఊరు ఊరంతా కుళాయి పన్ను గురించి మాట్లాడింది గానీ కుళాయిలో ఏం వస్తోందో ఒక్కరూ మాట్లాడలేదు.

మా ఇంట్లోనూ అదే తంతు. పొద్దున్న కాఫీ దగ్గర మొదలుపెడితే అమ్మా కొడుకులు రాత్రి కంచాలు ఎత్తేవరకు అదే రొద.

"పావొంతు ఖాయమైనా మంచిదేరా, సగమంటే ఇవ్వరు," అనేది మా అత్తగారు.

"కుళాయి పన్ను కూడా కలిపి చూడవేంటమ్మా," అనేవాడు మా ఆయన. రోజంతా స్పీకరు కిందే కూర్చునే మనిషి, ఇక ఆయనకు వేరే ధ్యాస ఎక్కడిది?

నేను నవ్వుకునేదాన్ని. మా పని ఎంత బాగా పనిచేస్తోందో ఇంట్లోనే చూసుకుంటున్నాను గదా అని మురిసిపోయేదాన్ని. ల్యాబ్‌కి తొందరగా వెళ్లిపోయి, అక్కడ క్యాన్ నీళ్లు తాగే మనిషిని కాబట్టి కుళాయి వైపు చూడలేదు.

పదహారో రోజు సెలవు పెట్టాను. అది కుళాయి రోజు. నేనే బిందె తీసుకుని అత్తగారి వెనకాల వెళ్లాను. ధార పడుతూనే గుప్పున వాసన కొట్టింది. కడగని కాలవ వాసన. చుట్టూ ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ బిందెలు నింపుకుంటున్నారు.

"అత్తయ్యగారండీ, నీళ్లు కంపు కొడుతున్నాయి," అన్నాను.

ఆవిడ చెంబు పట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది. "అవునే. మురుగు కలిసింది," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఫోను దగ్గరికి పరిగెడుతుందనుకున్నాను.

"ఏమే, సగం అంటన్నారు గదా, మన పెరట్లో రేకుల షెడ్డుక్కూడా సగమేనా?" అంటూ ఆ చెంబు బిందెలో పోసేసింది.

నేను బిందె లాక్కుని కాలవలో పారబోశాను. ఆవిడ కోప్పడలేదు, ఎందుకని అడగలేదు. బిందె తీసుకుని మళ్లీ ధార కింద పెట్టింది. వాసన ఆవిడకు తెలుస్తూనే ఉంది. అది నిలవడానికే చోటు లేదు.

ఇంట్లోకి వచ్చి ఫిర్యాదుల నంబరుకి ఫోను చేశాను. గుమస్తా ఎవరో తీశాడు.

"రాసుకుంటన్నానండి. పాత సంత వీధి, మురుగు నీళ్లు. ఆయ్. మీది సొంతిల్లేనాండి? అయితే సగం మీక్కూడా వర్తిత్తాదండి, కానీ అద్దెకిచ్చిన వాటా ఉంటే..."

"ఫిర్యాదు రాశారా?"

"ఏం ఫిర్యాదండీ?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఫోను పెట్టేశాక ఆ సున్నాలన్నీ నా కళ్ల ముందు నిలబడ్డాయి. ఫిర్యాదు చెయ్యడానికి ముందు ఇబ్బంది మనసులో నిలవాలి. అలా నిలవనివ్వనిదాన్ని ఊరి మీదికి వదిలి, దానివల్ల హాని ఉందో లేదో ఫిర్యాదులతో కొలిచాం.

ల్యాబ్‌కి పరిగెత్తాను. ప్రొఫెసర్‌గారి టేబుల్ మీద గంటవాళ్ల కరపత్రం, నిచ్చెనవాళ్ల కరపత్రం పక్కపక్కనే పరిచి ఉన్నాయి. ఆయన చెవుల్లో మైనం లేదు.

"దురద పెడుతోందని వారం కిందట తీసేశాను," అన్నారు. "చూడు హైమా, ఖాళీ స్థలం పన్ను గురించి ఎవరూ స్పష్టంగా చెప్పలేదు."

జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. "ఆపెయ్యాలి. ఇప్పుడే ఆపెయ్యాలి," అంటూ లేచారు. తలుపు దాకా వెళ్లారు. అక్కడ ఆగి, "ఖాళీ స్థలమంటే ప్రహరీ ఉన్నదా లేనిదా?" అన్నారు.

నోట్‌బుక్ తీసి పై అర గురించి రాసిన వాక్యం ఆయన ముందు పెట్టాను. శ్రద్ధగా చదివారు. బాగా రాశావమ్మా అని, జేబులోంచి పెన్ను తీసి, పాత గీత కింద ఇంకో గీత గీశారు. అంత తెలివైన మనిషి అలా గీత గీయడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మైనం వదలకుండా పెట్టుకునేవాడు ఊళ్లో ఇంకొకడున్నాడు. నరసరాజుకి ఫోను చేశాను. అంతా విన్నాడు. ఆయన మనసులో మాత్రం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"పోలింగు అయిదు రోజులే ఉందమ్మా. అయ్యాక చూద్దాం."

"ఈలోపు మనుషులు పోతారండీ."

"ఎవరన్నారు? ఫిర్యాదు ఒక్కటన్నా ఉందా? దుష్ప్రభావాలు లేవని నీ సంతకమే ఉంది మా దగ్గర," అని పెట్టేశాడు.

మెట్లు దిగుతుండగా మా పక్కింటావిడ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అత్తగారు నాలుగుసార్లు వాంతి చేసుకుని వంటింట్లో పడిపోయారు.

ఊరి ఆస్పత్రిలో మంచానికి ఇద్దరేసి ఉన్నారు. వరండాలో చాపల మీద ఇంకొందరు. అందరికీ సెలైన్ బాటిళ్లు వేలాడుతున్నాయి. అలాంటి చోట మూలుగులు వినిపించాలి. అక్కడ వినిపించింది వాదన. పావు, సగం, చెత్త, కుళాయి. ఒకాయన వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, ఆపిన చోటి నుంచి మళ్లీ అందుకున్నాడు. డ్యూటీ డాక్టరమ్మని పట్టుకుని నీళ్ల సంగతి పైకి రాశారా అని అడిగాను. "రాశానండి, గురువారమే," అంటూ కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఉత్తరం ఆ జేబులోనే ఉంది. దాన్ని బయటికి తీసి అయోమయంగా చూసింది.

మా ఆయన వచ్చాడు. తల్లి పాదం పట్టుకుని, "అమ్మా, ఎలాగుందే?" అన్నాడు. ఆవిడ కళ్లు తెరిచి, "రేకుల షెడ్డు సంగతి కనుక్కున్నావురా?" అంది. "కనుక్కుంటానమ్మా," అని లేచి, పాదం మీది చెయ్యి తీసేసి, బయటికి వెళ్లి ఆటో స్టార్ట్ చేశాడు. తల్లంటే ప్రాణం పెట్టే మనిషి. కిటికీలోంచి ఆ ఆటో మలుపు తిరగడం చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నాడి చేతికి సరిగ్గా అందడం లేదు.

ఊళ్లో ఎవరికి చెప్పినా నిలవదు. నిలవాలంటే ఒకటే దారి, మళ్లీ స్వరమే. ల్యాబ్‌లోని డబ్బాలన్నీ నరసరాజు ఆటోల్లో సీలు వేసి బిగించి ఉన్నాయి. మిగిలింది ఒక్కటే డబ్బా. తాతబ్బాయిగారి మంచం పక్కన ఉన్నది.

ఆయన ఇంటి అరుగు మీద మధ్యాహ్నం క్యారేజీ మూత తీయకుండా అలాగే ఉంది. తలుపు చేరవేసి ఉంది. తోశాను. ఆయన మంచం దిగి, గోడకు చేరగిలబడి, కళ్లు తెరుచుకుని ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది. మాత్రల అట్ట చూశాను. ఆ రోజు మాత్రతో సహా ఒక్కటీ తప్పలేదు. పక్కనే పెద్ద గ్లాసు, ఖాళీది. ఊరంతా పన్ను గురించి ఆలోచిస్తుంటే, రోజూ ఉదయం తన డబ్బా చెప్పిన మాటే ఆలోచించిన మనిషి ఆయనొక్కడే. అందరికన్నా ఎక్కువ నీళ్లు తాగింది కూడా ఆయనే.

డబ్బా పనిచేస్తోందో లేదో చూడాలి. చెవుల్లో మైనం పెట్టుకుని మీట నొక్కాను. మైనం గుండా కూడా సన్నగా నా గొంతే వినిపించింది, ఎంతో ఆప్యాయంగా, మాత్ర వేసుకుని పెద్ద గ్లాసుడు నీళ్లు తాగమని. ఆ గొంతుని నోరు నొక్కి చంపెయ్యాలనిపించింది. ఆయన కళ్లు మూసి, దుప్పటి కప్పి, డబ్బా చంకన పెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను.

మైనం తీయకుండానే అత్తగారి చెవి దగ్గర స్వరం వరకే మోగించి ఆపాను. అడగలేదు. అడిగితే ఆవిడ మనసులో నిలిచేది కాదని నాకు నేను చెప్పుకున్నాను. నరసరాజు కూడా తనకు తాను ఇలాంటిదేదో చెప్పుకునే ఉంటాడు.

"అత్తయ్యగారూ, నీళ్ల వాసన చూడండి," అన్నాను.

నిమిషం గడిచింది. ఆవిడ చూపు మారింది. మంచం పక్కనున్న స్టీలు గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మరుక్షణం గ్లాసు గోడకు తగిలింది.

"ఎవరే ఈ నీళ్లు పెట్టింది? మురుగే ఇది. పాత సంత వీధోళ్లారా, ఎవరూ చుక్క ముట్టుకోకండి. బిందెలు కాలవలో వంపండి. మరిగించందే పిల్లల నోట్లో పొయ్యకండి. ఆ ఆఫీసోడు ఏం చేత్తన్నాడో కనుక్కోండి ముందు," అని గొంతు చీల్చుకుని అరిచింది. ఊరంతా ఎరిగిన గొంతు. నా ఫోను రికార్డు చేసుకుంది.

సాయంత్రం అయిదింటికి బస్టాండు దగ్గర మా ఆయన ఆటోకి అడ్డంగా నిలబడ్డాను. ఆయన దిగి ఏంటని అడిగేలోపు డబ్బా చెవి దగ్గర పెట్టి, "మీ అమ్మ ఆస్పత్రిలో ఉంది," అన్నాను. ఆయన అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. "నేను చూసొచ్చేను గదే. చూసి వదిలేసి వచ్చేనా?" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పట్టుకుని లేపాను. సీలు తెంపి పెద్ద డబ్బా పీకేసి, చిన్నది మైకుకి తగిలించి, నా గొంతు బదులు ఫోనులో రికార్డయిన అత్తగారి గొంతు పెట్టాం. ఆయనకు ఇక తల్లి తప్ప ఏమీ పట్టలేదు, ఆ తల్లి గొంతే స్పీకర్లో వినిపిస్తోంది కాబట్టి ఆటో నడిపాడు.

మొదటి వీధిలో ఎవరూ కదల్లేదు. రెండో వీధి చివర వెనక్కి తిరిగి చూస్తే, ఒకావిడ బిందె ఎత్తి గుమ్మం ముందు వంపుతోంది. ఆ పక్కింటావిడ, ఆ ఎదురింటాయన. ఎదురొచ్చిన మిగతా ఆటోలవాళ్లు కూడా విని, మైకులు కట్టేసి ఇళ్లకు పరిగెత్తారు. ఏడింటికి మా వీధిలోకి వచ్చేసరికి కాలవలు పొంగుతున్నాయి. మర్నాడు పొద్దున్నే మునిసిపల్ ఆఫీసు చుట్టూ ఖాళీ బిందెలతో ఊరు ఊరంతా నిలబడింది. కుళాయిలు కట్టేశారు, ట్యాంకర్లు వచ్చాయి. ఫిర్యాదులు ఆ ఒక్క రోజే నాలుగు వందలు దాటాయి.

ఇంత జరిగాక ఏమైందంటారా? మర్నాడు మధ్యాహ్నానికి గంటవాళ్లు ఇంటికి రోజూ ఒక క్యాన్ నీళ్లు ఉచితమన్నారు. సాయంత్రానికి నిచ్చెనవాళ్లు రెండు క్యాన్లన్నారు. పోలింగు ముందు రోజుకి మూడు క్యాన్లు, ఒక ఫ్రిజ్ దాకా వెళ్లింది. పైపుల మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరు గెలిచారో నేను చెప్పను. పైపులకు ఆ తేడా తెలియలేదు.

మొత్తం ఆరుగురు పోయారు. స్వరం పట్టు వదిలిన రోజున ప్రొఫెసర్‌గారు నోట్‌బుక్ మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నారట. ల్యాబ్‌కి తాళం వేసి, నోట్‌బుక్ పట్టుకుని, తనంతట తనే వెళ్లి అధికారులకు అప్పజెప్పారు. విచారణ ఇంకా నడుస్తోంది. నరసరాజు చూపించే కాగితం మీద నా సంతకం అలాగే ఉంది.

అత్తగారు బతికి ఇంటికొచ్చారు. నేను స్వరం మోగించిన పదకొండో రోజు పొద్దున్న వంటింట్లో గోడకు చేరగిలబడి కూర్చుంది.

"ముప్పై ఏళ్లే," అంది. "ఒక్క రోజు తప్పలేదు. ఆ వారం నాకేమైందో తెలీదే. వాసన తెలుత్తానే ఉంది. తెలిసే పోసుకున్నాను, తెలిసే తాగేను. నేను తల ఊపేననుకుని వీధంతా తాగేరు. తాతబ్బాయిని నేనే చంపేసేను."

ఎవరూ నన్ను అడగలేదు. చెప్పకపోతే విచారణ తేలేదాకా ఆ ఇంట్లో నేను మంచి కోడలినే. ఆవిడ మాత్రం ఆ ఆరుగురినీ నెత్తిన పెట్టుకుని కాటికి వెళ్లేది. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. స్వరం, పై అర, సున్నాలు, తాతబ్బాయిగారి డబ్బాలో నా గొంతు. ఆవిడ నా మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ఆస్పత్రిలో నాక్కూడా పెట్టేవా?"

"పెట్టానండి."

"నన్నడిగేవా?"

"లేదండి."

ఆవిడ లేచి మొహం కడుక్కుని, చెంబు తీసుకుని, నన్ను వెంట రమ్మంది. అది కుళాయి రోజు. కట్టేసిన కుళాయిలు మళ్లీ విప్పారు, వీధంతా బిందెలతో నిలబడి ఉంది. నన్ను మధ్యలో నిలబెట్టి, ఇప్పుడు నాకు చెప్పిందంతా వీళ్లకి చెప్పమంది. చెప్పాను. మైకు లేదు, స్వరం లేదు. వాళ్లు ఉంచుకుంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. తండ్రి పోయిన ఒకావిడ వచ్చి నా చెంప మీద కొట్టి వెళ్లింది.

అప్పుడు అత్తగారు చెంబు నా చేతిలో పెట్టింది.

"ఇక నుంచి నువ్వు చూడు. నా ముక్కుని నేను నమ్మలేను. మళ్లీ ఎవడన్నా ఆ కూత కూయిత్తే, చెవుల్లో మైనం పెట్టుకోవాలని తెలిసినదానివి నువ్వొక్కదానివే."

రెండేళ్లయింది. పైపులు కాలవ పక్కనే ఉన్నాయి. వీధిలో నాతో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. పేరంటాలకు పిలవరు, ఎదురైతే తల తిప్పుకుంటారు. కానీ నేను తల ఊపేవరకు ఒక్క బిందె కూడా కుళాయి కిందికి రాదు.

ఈ ఉదయం ధార పట్టి వాసన చూశాను. ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేశాను. తల ఊపలేదు. నలభై ఇళ్లవాళ్లూ ఖాళీ బిందెలు ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోయారు. నేను ఇంట్లోకి వచ్చి ఫోను తీశాను.